నేను ముద్ర వేసిన తెమడ కాగితం

మొన్నీమధ్య కొత్తగా ప్రభుత్వోద్యోగంలో చేరిన ఒక డాక్టరమ్మాయి ఫోన్ చేసింది. తెలిసినవాళ్ళ పిల్ల. ఆయాసంతో వచ్చిన ఒక పెద్దాయనకి పరీక్షలన్నీ చేయించిందట, అన్నీ నెగెటివ్ వచ్చాయట. "ఇప్పుడు కేసు షీటులో ఏం రాయాలి మేడమ్?" అని అడిగింది. ఆయన నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టి ముందు ఆ అంకె రాయమ్మా అన్నాను. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాను. అది ఫోన్లో చెప్పే సంగతి కాదు.

నేను పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయింది. వీడ్కోలు సభలో నా గురించి బోలెడు మంచి మాటలు చెప్పారు. సగం అబద్ధాలు, మిగతా సగం రిటైరయ్యే ప్రతివాళ్ళకీ చెప్పేవే. అవేవీ ఇక్కడ రాయను. ఒక కాగితం గురించి, దాని మీద నేను వేసిన ముద్ర గురించి రాస్తాను. చదివాక ఈ వృత్తి మీద ధైర్యం కలుగుతుందని హామీ ఇవ్వలేను. నాకే కలగలేదు.

మా దగ్గర ఉన్నవి

ఎనభైల నడుమ నేను వినుకొండ వెళ్ళే రోడ్డు మీద ఒక పెద్ద పల్లెలో ప్రభుత్వాసుపత్రి డాక్టర్ని. ఊరి పేరు రాయను. ఆ మనుషుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. రోడ్డుకి ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. ఆసుపత్రికి ఆరు మంచాలు, ఒక మైక్రోస్కోపు, ఒక ఆక్సిజన్ సిలిండరు. సిలిండరు తిప్పే స్పానరు ఎప్పుడూ కనపడేది కాదు. సైకిల్ షాపు నుంచి తెప్పించేవాళ్ళం. ఎక్స్‌రే కావాలంటే నరసరావుపేట పంపాలి, పంపితే సగం మంది వెళ్ళేవాళ్ళు కాదు.

మైక్రోస్కోపు దగ్గర భాస్కరరావు అనే ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవాడు. మాట మెత్తన, చూపు మాత్రం చాలా నిఖార్సైనది. రక్తపు చుక్కలో మలేరియా ఉందేమో చూసేవాడు, తెల్లకణాలు లెక్కపెట్టేవాడు, తెమడలో క్షయ సూక్ష్మజీవి ఉందేమో వెతికేవాడు. మేము చేయగలిగిన పరీక్షలు అంతవరకే. వైరస్‌ని పట్టుకునే పరీక్ష ఒకటి ఉంటుందని పుస్తకాల్లో చదివాను గానీ, దాన్ని చేయించే చోటు నా దరిదాపుల్లో లేదు.

అందుకని వైరస్ వల్ల దగ్గూ జ్వరమూ వచ్చిన మనిషికి మా ల్యాబ్‌లో అన్నీ నెగెటివే వచ్చేవి. ఏమీ దొరకనప్పుడు 'వైరల్' అని రాసేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ మాటకి అర్థం 'నాకు తెలియదు' అని. తెలియదని రాస్తే డాక్టరు పరువు పోతుంది కాబట్టి వైరల్ అని రాసేవాళ్ళం. సూది వెయ్యకపోతే జనం ఊరుకోరని బి-కాంప్లెక్సు సూదులు వేశాను. అవసరం లేనివాళ్ళకి పెన్సిలిన్ పొడిచాను. చాలామంది వాళ్ళంతట వాళ్ళే కోలుకుని, నా హస్తవాసి మంచిదని చెప్పుకునేవాళ్ళు. నేను వద్దనలేదు.

శేషగిరి గారు ఒక నిమిషం

అంతకు ముందు గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నా పైన శేషగిరి గారని ఒక పెద్ద డాక్టరు. బ్రాడీపేట నుంచి పాత స్కూటరు మీద వచ్చేవారు. మొదటి వారంలో ఒక ఆయాసం కేసు గురించి ఆయనకి రిపోర్టులు గడగడా చదివి వినిపిస్తున్నాను. ఆయన అరచెయ్యి నా కాగితాల మీద పెట్టి మూసేశారు.

"అమ్మాయ్, ముందు ఆ పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో చూడు. కాగితాలెక్కడికీ పారిపోవు."

మంచం కాళ్ళ దగ్గర నిలబడి, వాచీ చూస్తూ, నిండా ఒక నిమిషం లెక్కపెట్టించారు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించబోతే కసురుకున్నారు. ఆయాసంతో ఉన్న మనిషి మొదటి పదిహేను సెకన్లూ మనల్ని చూసి బిగపట్టుకుంటాడు, ఆ తర్వాత ఊపిరే నిజం అనేవారు. ఆ ఒక్క నిమిషం ఎన్ని పరీక్షలు చెప్పనిది చెబుతుందో నేను తర్వాత ఎన్నోసార్లు చూశాను.

ఆయన్ని దేవుణ్ణి చేసి రాయడం నాకిష్టం లేదు. రోగితో నాలుగు మాటలు మాట్లాడేవారు కాదు. ఇంటికి పంపేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పేవారు కాదు. చెప్పినా వీళ్ళకి అర్థం కాదనేవారు. లెక్కపెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చెప్పీ చెప్పనట్టు చెప్పి పంపించెయ్యడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ముచ్చికల పని

మిరపకాయ కల్లంలో ఎండాక, అమ్మకానికి పోయే ముందు కొంత సరుకుకి ముచ్చిక తీస్తారు. కాయకున్న ఆ చిన్న తొడిమని తుంచడమే పని. దానికి ఆడవాళ్ళే వస్తారు. ఊరి చివర షెడ్డులో కాయ కుప్పల ముందు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంచిన తల ఎత్తకుండా కూర్చుంటారు. కాయ పెళుసుగా ఉంటే విరిగిపోతుందని నీళ్ళు చిలకరిస్తారు. ఆ తేమ ఆరిపోకుండా తలుపులు మూసి గోనె పరదాలు దించుతారు. నేను లోపల అడుగు పెడితే నిమిషంలో కళ్ళు మండిపోయి తుమ్ములందుకునేవి. వాళ్ళు ముక్కుకీ నోటికీ పాత గుడ్డ కట్టుకుని, దగ్గుతూనే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఏంటా దగ్గు అంటే "ఘాటమ్మా" అనేవాళ్ళు.

ఒంటరిగా ఎవరూ ఈ పనికి వెళ్ళరు. ముఠా కట్టి వెళతారు. ముఠాలో ఎవరి చోటు వాళ్ళది. రెండు రోజులు రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది, ఆ సీజన్‌కి మళ్ళీ రాదు.

మా ఊరి ముఠాకి మేస్త్రి కోటమ్మ. యాభై ఏళ్ళ మనిషి, గొంతు పెద్దది, మాట ఖచ్చితం. ఒక ఏడాది ఆ ముఠాలో ఇద్దరికి క్షయ బయటపడి, ఒకామె చనిపోయింది. మిగతావాళ్ళు హడలిపోయారు. కోటమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చి, అందరూ దగ్గుతుంటే ఎవరిది జబ్బు దగ్గో ఎవరిది ఘాటు దగ్గో ఎట్టా కనిపెట్టాలని అడిగింది.

నాకు ఎగిరి గంతేసినంత పనైంది. ఇల్లిల్లూ తిరిగి బతిమాలినా తెమడ ఇచ్చేవాళ్ళు దొరకని రోజులవి. దగ్గుతున్నవాళ్ళని నా దగ్గరికి పంపమన్నాను. తెమడ పరీక్ష చేసి, నెగెటివ్ అయితే కాగితం మీద రాసి ముద్ర వేసి ఇస్తాను, ఆ కాగితం ఉన్నవాళ్ళని రానివ్వు అని చెప్పాను. ఆ పద్ధతి నేను పెట్టిందే. మొదటి సీజన్లో క్షయ ఉన్నవాళ్ళు ముగ్గురు దొరికారు, ముగ్గురికీ మందులు మొదలుపెట్టాం. జిల్లా మీటింగులో ఈ సంగతి చెబితే చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ కాగితానికి ఊళ్ళో 'తెమడ కాగితం' అని పేరొచ్చింది. అరచేతంత కాగితం. పైన పేరు, దాని కింద నెగెటివ్, పక్కన ఆసుపత్రి గుండ్రటి ఊదా ముద్ర, నా సంతకం. కింద సగం ఖాళీ. దాని మీద నేను రాసిన జవాబు, క్షయ కనిపించలేదని. కోటమ్మ అడుగుతున్న ప్రశ్న, ఈ మనిషి పనికి రావచ్చా అని. ఈ రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. తెలిసి కూడా, క్షయ కేసులు దొరుకుతున్నాయి కదా అని ఊరుకున్నాను.

పద్దెనిమిది నెగెటివ్‌లు

ఆ మరుసటి ఏడు శివరాత్రి వెళ్ళినా చలి తగ్గలేదు. ముఠా నుంచి తెమడ కాగితాల కోసం వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు. వారం చివర భాస్కరరావు రిజిస్టరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఈ వారం ఒక్క ముఠాకే పద్దెనిమిది కాగితాలిచ్చాం మేడమ్. ఒక్కటి కూడా పాజిటివ్ రాలేదు."

మంచిదేగా అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

అతను చెప్పింది శుభవార్త కాదు. ఇరవై ఐదు మంది ఉన్న ముఠాలో పద్దెనిమిది మంది ఒకే వారం జ్వరంతో దగ్గుతున్నారు, వాళ్ళలో ఎవరికీ క్షయ లేదు. అంటే ఒకరి నుంచి ఒకరికి పాకేది ఇంకేదో ఆ షెడ్డులో తిరుగుతోంది. అన్ని నెగెటివ్‌లు ఒకచోట కుప్పపడటమే అప్పుడు నాకు దొరికిన అతి పెద్ద ఆధారం. భాస్కరరావు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను రిజిస్టరు మూసి, తర్వాతి పేరు పిలవమన్నాను.

నాగమణి

రెండు రోజుల తర్వాత నాగమణి వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఏడో నెల. ఇంటి దగ్గర నాలుగేళ్ళ కూతురు. భర్త మిరప లోడుతో గుంటూరు యార్డుకి వెళ్ళి ఉన్నాడు. ఆ సీజన్ సంపాదనతో పురుడు దాటేద్దామని ఆమె ఆలోచన.

"ఐదు రోజుల్నుంచీ జొరమమ్మా," అంది. ఆగింది. "ఒళ్ళంతా కొట్టినట్టుంది." ఆగింది. "కాగితం కావాలమ్మా."

ఒక్కో మాట తర్వాత ఎందుకు ఆగిందో ఇప్పుడు ఏ విద్యార్థిని అడిగినా చెబుతారు. కొత్త చోట బెరుకనుకున్నాను నేను. స్టెతస్కోపు పెట్టాను. పెద్దగా ఏమీ వినపడలేదు. ఘాటు కూడా తోడై ఉంటుంది అనుకున్నాను. రక్తంలో మలేరియా లేదు. తెల్లకణాలు మామూలే. తెమడ డబ్బా చూసి భాస్కరరావు లోపలికి వచ్చాడు. ఇది ఉమ్ము మేడమ్, తెమడ కాదు, రేపు పొద్దున మళ్ళీ తెమ్మందామా అని అడిగాడు.

రేపటికైతే తన చోటు పోతుందని నాగమణి నా వైపు చూసి చెప్పింది. బయట వరండా నిండా జనం. నాకు విసుగ్గా ఉంది. నెగెటివ్ రాసెయ్యి భాస్కరరావూ అన్నాను. చేయని పరీక్షకి జవాబు రాయించి, సంతకం పెట్టి, ముద్ర నేనే వేశాను. నోటితో మాత్రం చెప్పాను, నాలుగు రోజులు పడుకో, వేడినీళ్ళు తాగు, ఈ బిళ్ళలు వేసుకో అని. అట్టాగేనమ్మా అంది. కాగితం కళ్ళకద్దుకుని మరీ తీసుకుంది.

వాచీ నా చేతికే ఉంది. శేషగిరి గారి నిమిషం నేను ఖర్చు పెట్టలేదు. చేసిన రెండు పరీక్షలూ బాగున్నాయి కదా అనే నిబ్బరం. అసలు పరీక్షలు చేయించకపోయి ఉంటే ఆమె వైపు చూసేదాన్నేమో అని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకి నాగమణిని ట్రాక్టరు తొట్టిలో గోనెసంచుల మీద పడుకోబెట్టి తెచ్చారు. ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు షెడ్డుకి వెళ్ళిందట. పెదవులు నీలంగా ఉన్నాయి. ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. అప్పుడు లెక్కపెట్టాను. నిమిషానికి యాభై ఆరు. సైకిల్ షాపు నుంచి స్పానరు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతూనే ఉన్నాను. ఆక్సిజన్ పెట్టి, సిలిండరుతో సహా జీపులో ఎక్కించి నేనూ గుంటూరు బయల్దేరాను.

నాగమణి తల అత్తగారు చిట్టెమ్మ ఒళ్ళో ఉంది. నరసరావుపేట దాటాక చిట్టెమ్మ కొంగు ముడి విప్పి, మడత పెట్టిన కాగితం తీసి నాకు చూపించింది.

"ఇది నువ్విచ్చిన కాగితమే గదా తల్లీ. ఏమీ లేదని రాశావుగా. మరి ఇదెట్టా వచ్చింది?"

నన్ను నిలదియ్యడం లేదు ఆమె. నిజంగానే అడుగుతోంది. నేను రాసిన దానికీ, తన ఒళ్ళో ఉన్న మనిషికీ పొంతన కుదరక, చదువుకున్నదాన్ని కదా చెబుతానని అడుగుతోంది. నేను సిలిండరు మీటరు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నాగమణి పోయింది. కడుపులో బిడ్డ అంతకు ముందే పోయింది. గుంటూరులో చేసిన పరీక్షల్లో కూడా ఏమీ దొరకలేదు. ఊపిరితిత్తుల నిండా న్యుమోనియా, ఫ్లూ లాంటి వైరస్ అయి ఉంటుంది, నెలలు నిండే వాళ్ళకి ఇది ఇలాగే తిరగబడుతుంది అన్నారు అక్కడి డాక్టరు. నాకు తెలియని విషయం కాదు. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అది ఏ వైరసో, అసలు వైరసేనో ఈ రోజుకీ నా దగ్గర రుజువు లేదు. ఏడుద్దామన్నా దానికొక పేరు లేదు.

షెడ్డులో

తిరిగొచ్చిన మర్నాడే షెడ్డుకి వెళ్ళాను. మూసిన తలుపుల వెనక అందరూ దగ్గుతున్నారు. మూల ఒక బాన, దాని మీద ఒకే ఒక గ్లాసు. కోటమ్మ కూర్చునే చోట గోడ మేకుకి ఒక ఇనప తీగ వేలాడుతోంది. దానికి గుచ్చి నా కాగితాలు, ఒకదాని మీద ఒకటి, అన్నిటి మీదా ఊదా ముద్ర. నాగమణి కాగితం ఒకటే లేదు. నాగమణిని ఇంటికి పంపేటప్పుడు కోటమ్మే తీసి ఇచ్చేసిందట.

కోటమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. ఆమెకీ జ్వరం.

"మీ కాగితం ఉన్నోళ్ళనే రానిచ్చానమ్మా," అంది. "లేనోళ్ళని ఒక్కదాన్ని గూడా గడప తొక్కనియ్యలా."

గడప తొక్కనివ్వనివాళ్ళు ఇద్దరు. పొడి దగ్గు వల్ల తెమడ రాక, భాస్కరరావు కాగితం ఇవ్వకుండా వెనక్కి పంపినవాళ్ళు. వాళ్ళిళ్ళకి వెళ్ళి చూశాను. వారం రోజులు జావ తాగుతూ మూలుగుతూ పడుకుని, ఇద్దరూ లేచి తిరుగుతున్నారు. అందులో ఒకామె నన్ను చూసి మొహం తిప్పుకుంది. కాగితం ఇవ్వక తన చోటు పోగొట్టానని కోపం. నా ముద్ర దొరకని ఇద్దరూ బాగున్నారు. దొరికినవాళ్ళు ఆ చీకటి షెడ్డులో ఒకరి దగ్గు ఒకరు పీలుస్తూ కూర్చున్నారు.

వారం రోజులు షెడ్డు మూసెయ్యమని యజమానిని అడిగాను. ఆయన మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. "జబ్బేంటో పేరు చెప్పండి డాక్టరు గారూ, ఈ పూటే తాళం వేయిస్తా," అన్నాడు. నా దగ్గర పేరు లేదు. క్షయ కాదని నాగమణితో కలిపి పంతొమ్మిది సార్లు నేనే రాసిచ్చాను. అదే ఆయన నాకు గుర్తు చేశాడు. పై అధికారులకి ఉత్తరం రాశాను. ల్యాబ్ నిర్ధారణ జతచేసి పంపవలసిందని ఒక్క వాక్యం జవాబొచ్చింది. మజ్జిగ ఇచ్చినాయనా, జవాబు రాసినాయనా ఒకే మాట అన్నారు, పరీక్షలో దొరకని జబ్బు లేనట్టేనని. వాళ్ళని తిట్టుకునే హక్కు నాకు లేదు. నాగమణి ముందు కూర్చుని నేననుకున్నదీ అదే మాట.

ఆ సీజన్లో ముఠాలో ఇంకో పెద్దామె పోయింది. ఆమె ఆసుపత్రికి రాలేదు. ఘాటు అనుకున్నారు.

వైద్యం ఏముంది

చిన్నవాళ్ళు అడుగుతారు, పరీక్షల్లో ఏమీ రానప్పుడు వైద్యం ఏమిటని. మా రోజుల్లో చేయగలిగింది చాలా తక్కువ. ఇప్పుడు మీకు పరీక్షలూ మందులూ ఉన్నాయి. అయినా పరీక్ష తప్పవచ్చు, ఆలస్యం కావచ్చు, మీరు వెతికినది కాకుండా వేరేది ఉండవచ్చు. అప్పుడు మీరూ నా కుర్చీలోనే ఉంటారు.

నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. మనిషి ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతోందో లేదో వినండి. ఇంట్లో ఇంకెవరికుంది, పని దగ్గర ఇంకెవరికుంది అని అడగండి. ఆ ప్రశ్నకి వచ్చే జవాబు ఏ మైక్రోస్కోపులోనూ కనపడదు. గర్భిణిని, పసిబిడ్డని, ముసలివాళ్ళని, అప్పటికే గుండె జబ్బో ఉబ్బసమో ఉన్నవాళ్ళని అనుమానం ఉంటే చాలు మీ కళ్ళ ముందు ఉంచుకోండి. ఊపిరి పెరుగుతుంటే ఆక్సిజన్ పెట్టి, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపండి. మిగతావాళ్ళకి విశ్రాంతి, ద్రవాహారం, జ్వరం బిళ్ళ, ఇంకా ఏ లక్షణం కనబడితే పరిగెత్తుకు రావాలో ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పడం. రోగిని సంతోషపెట్టడానికి సూది వెయ్యకండి. నేను వేసినవన్నీ నా పరువు కోసం వేసినవే.

నోటితో చెప్పింది వైద్యం అనుకోకండి. నేను నాగమణికి విశ్రాంతి తీసుకొమ్మని చెప్పాను. కాగితం మీద పనికి పొమ్మన్నాను. మా ఊళ్ళో చెల్లింది కాగితమే.

ఇదంతా చేస్తే మనుషులు బతుకుతారా అంటే, కొందరు. ఎవరు మీ వల్ల బతికారో, ఎవరు ఎలాగూ బతికేవాళ్ళో మీకెప్పటికీ తెలియదు. పోయినవాళ్ళు మాత్రం పేర్లతో సహా గుర్తుంటారు. ఈ ఉద్యోగంలో ఇది మొదటే ఎవరో ఒకరు చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు.

చిట్టెమ్మ

ఆ తర్వాత నేను కాగితం మార్చాను. కింద ఖాళీగా ఉన్న సగంలో నా చేత్తో రాసేదాన్ని: జ్వరం తగ్గలేదు, పది రోజులు పనికి వెళ్ళరాదు. అలా రాసిన కాగితాన్ని కోటమ్మ తీగకి గుచ్చేది కాదు. చోటు పోయినవాళ్ళు నాకు శాపనార్థాలు పెట్టారు. కొందరు పక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. అతను మైక్రోస్కోపు లేకుండానే నెగెటివ్ రాసిచ్చేవాడు. తెమడ ఇచ్చేవాళ్ళు మళ్ళీ కరువయ్యారు. క్షయ కేసులు దొరకడం ఆగిపోయింది. ఒక తప్పు దిద్దబోయి, చేసిన ఒక్క మంచి పనీ పోగొట్టుకున్నాను.

మరుసటి సీజన్లో ఒకరోజు పొద్దున చిట్టెమ్మ వచ్చింది. పక్కన మనవరాలు, నాగమణి కూతురు, నానమ్మ కొంగు పట్టుకుని ఉంది. చిట్టెమ్మకి దగ్గు, ఒళ్ళు వేడిగా ఉంది.

"మా నాగమణి చోటు నాకిచ్చారమ్మా," అంది. "కాగితం ఉంటేనే రానిస్తానంది కోటమ్మ."

ఆర్‌ఎంపీ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని అడగలేకపోయాను. కూర్చోబెట్టి, వాచీ చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. ఇంకొకసారి లెక్కపెట్టాను. మళ్ళీ ఇరవై నాలుగే. ప్రాణం మీదికి వచ్చినట్టు లేదు, అలాగని పంపించెయ్యదగ్గట్టూ లేదు. ఆసుపత్రిలో ఉండమన్నాను. పిల్లని ఎవరు చూస్తారంది. పిల్లనీ ఇక్కడే ఉంచుకోమన్నాను. ఎన్ని రోజులంది. పది అన్నాను. ఆమె నవ్వింది.

భాస్కరరావు తెమడ చూశాడు. నిజమైన తెమడే. నెగెటివ్. పై సగంలో అది రాసి ముద్ర వేశాను. కింది సగంలో, పది రోజులు పనికి వెళ్ళరాదు అని పెద్ద అక్షరాలతో రాశాను. ఈసారి చదివి వినిపించాను కూడా. శేషగిరి గారిలా చేయలేదు. జబ్బు ఎలా పాకుతుందో, షెడ్డులో ఏం జరుగుతుందో, ఊపిరి ఎలా ఉంటే రావాలో అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. అన్నిటికీ తల ఊపింది. అర్థమైంది ఆమెకి, అందులో సందేహం లేదు. కోడల్ని ఒళ్ళో పెట్టుకుని ఆ సంగతంతా చూసిన మనిషి.

తర్వాత కాగితం నా ముందు పెట్టి అడిగింది.

"ఇందులో నెగెటివ్ అని ఎందాకా ఉంది తల్లీ?"

వేలు పెట్టి చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. అడిగింది కాబట్టి చూపించాను. ఆమె సరిగ్గా ఆ కిందికి మడత పెట్టి, గోటితో నొక్కి, మడత మీద జాగ్రత్తగా చింపింది. ముద్ర ఉన్న సగం కొంగున ముడి వేసుకుంది. రెండో సగం నా బల్ల మీద పెట్టి, "ఇది నువ్వుంచుకో అమ్మా," అని, పిల్ల చెయ్యి పట్టుకుని షెడ్డు వైపు నడిచింది.

చిట్టెమ్మ ఆ సీజన్ దగ్గుతూనే గడిపింది, బతికింది. అందులో నా ప్రమేయం ఏమీ లేదు. కింది సగం నా దగ్గరే ఉంది. ఏం రాయాలి మేడమ్ అని ఫోన్ చేసిన ఆ డాక్టరమ్మాయి మళ్ళీ అడిగితే ఇదే చూపిస్తాను. రాయవలసిందే రాసి ఉంది దాని మీద.